జయపురం నుంచి భువనేశ్వర్ 28 నిమిషాలట!

సంపాదక మహాశయా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో వేసిన విమాన దూరాల పట్టిక చూశాక రాయకుండా ఉండలేకపోయాను. ఒడిశాలోని మా జయపురం నుంచి భువనేశ్వర్‌కు 375 కిలోమీటర్లు, 28 నిమిషాలు అన్నారు. దూరంతో పేచీ లేదు, గాల్లో తిన్నగా కొలిస్తే ఇంచుమించు అంతే. ఆ 28 నిమిషాలు ఎక్కడివి? గంటకు 800 కిలోమీటర్లు పోయే జెట్ వేగంతో భాగించి పడేశారు. ఆ వేగమైనా బాగా పైకెక్కాక అందుకునేది. రన్‌వే మీద కదలడం, పైకి లేవడం, కిందికి దిగడం మీ లెక్కలో లేనే లేవు.

అయినా మా ఊళ్లో జెట్ ఎక్కడిదండీ? 2022 చివర్లో ఇక్కడ సర్వీసు మొదలుపెట్టింది తొమ్మిది మంది పట్టే సెస్నా కారవాన్. ఒకటే ఇంజిను, గంటకు 340 కిలోమీటర్లకు అటూ ఇటూగా పోతుంది. ఎంత తోలినా భువనేశ్వర్ గంట పైమాటే. అదీ పొగమంచు లేకపోతే. చలికాలంలో కొరాపుట్ కొండలు పొద్దున పూట ఎలా ఉంటాయో పట్టిక తయారుచేసినవారు చూసినట్టు లేదు. పక్కన పెద్ద ఎయిర్‌బస్ ఫొటో మాత్రం భేషుగ్గా వేశారు.

ఇక విశాఖకు 11 నిమిషాలట! గుండెకైనా కిడ్నీకైనా మేం పరిగెత్తేది అక్కడికే. ఘాట్ రోడ్డులో అది 200 కిలోమీటర్లు దాటుతుంది. సుంకి ఘాట్‌లో ఒక్క లారీ యాక్సిల్ విరిగి అడ్డం పడిందా, అంతే సంగతులు. వెనకాల బస్సులో స్కానింగ్ కవరు ఒళ్లో పెట్టుకున్న పెద్దాయన, వాంతులు చేసుకుంటున్న పిల్లలు, సిగ్నల్ లేని ఫోన్లు. ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ పోతుందేమోనని ఒకటే టెన్షన్. వాళ్లకు చూపించండి మీ 11 నిమిషాలు.

రైలు సంగతి ఇంకా చోద్యం. మా రాజధానికి పోయే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ మమ్మల్ని రాయగడ దాటించి, పార్వతీపురం, విజయనగరం మీదుగా ఆంధ్రాలో తిప్పి మళ్లీ ఒడిశాలోకి తెస్తుంది. రాత్రంతా ప్రయాణమే. ఈ బాధ తీరుస్తామనే కదా విమానం తెచ్చింది! రిబ్బన్ కత్తిరించే రోజు అందరూ వస్తారు, శాలువాలు కప్పించుకుంటారు. సర్వీసు రద్దయిన రోజు ఎవరు జవాబుదారీ అంటే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. సరిహద్దు జిల్లాలో తెలుగువాళ్లం, మా గోడు భువనేశ్వర్‌కు వినపడదు, అమరావతికి అక్కర్లేదు. కనీసం తెలుగు పత్రికైనా రాసేముందు ఇక్కడివాళ్లకు ఒక్క ఫోను చేసి కనుక్కోవద్దా? వెనకటికి జిల్లా విలేకరులు బస్సు టైములు కూడా స్టాండుకు వెళ్లి చూసి రాసేవారు.

పట్టిక మళ్లీ వేసేటట్టయితే దయచేసి అందులో ఇంకో గడి పెట్టండి: ఆ విమానం ఈ వారం ఎగిరిందా, లేదా అని.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జయపురం, కొరాపుట్ జిల్లా