ఆ తనిఖీ రిపోర్టు మాకూ చూపించండి

సంపాదకులకు,

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. 2009 వరద చూసిన కర్నూలు వాళ్లం కదా, ఆ వార్తకే టెన్షన్. పక్కింటి పెద్దమ్మ పట్టాదారు పాస్‌పుస్తకం అటక మీద పెట్టేసింది.

డ్యామ్‌కు ప్రమాద రేటింగ్ ఇచ్చేది అది తెగితే దిగువన జరిగే నష్టాన్ని బట్టి. గేట్లు, గొలుసులు, కట్ట ఎలా ఉన్నాయన్నది వేరే లెక్క. 1953 నాటి రాతికట్టు నిలబడింది, గొలుసు తెగింది! గేటు పోయిన చోట నీటిని ఆపే స్టాప్‌లాగ్ పలకలేమో అప్పటికప్పుడు చేయించుకోవాల్సి వచ్చింది.

2021 డ్యామ్ భద్రతా చట్టం వానలకు ముందూ తర్వాతా తనిఖీలు చేయమంటోంది. గొలుసులు ఎప్పుడు చూశారో, పలకలు సిద్ధంగా ఉన్నాయో లేదో తెలుగులో రాసి వార్డు సచివాలయం బోర్డుకు అంటించండి.

– ఒక రిటైర్డ్ టీచర్, కర్నూలు