మా పిల్లలను వాళ్ల మాటల్లో నేర్చుకోనివ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ మంత్రి గారికి నమస్కారాలు.

రెండేళ్లలో మీకు రాస్తున్న నాలుగో ఉత్తరమిది. మొదటి మూడూ పద్ధతి ప్రకారం పై అధికారుల ద్వారా పంపాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

పిల్లలు చేస్తూ నేర్చుకునే కృత్యాధార బోధన గురించి మీకు చెప్పనక్కరలేదు. ఆ పద్ధతి మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. నా బాధల్లా, పిల్లలు చేసి చూసి, తమలో తాము మాట్లాడుకుని నేర్చుకోవాలని మీరు పంపిన కృత్యాల కార్డుల్లో ఒక్కటీ వాళ్లు మాట్లాడే భాషలో లేదనే. మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో ఆంధ్ర సరిహద్దు ఊరు. మా బడి పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, కొందరిది సవర అనే గిరిజన భాష. కార్డులన్నీ ఒడియాలో వచ్చాయి. తెలుగువి అచ్చులో ఉన్నాయన్నారు. ఆ మాట విన్నాక రెండు వేసవులు గడిచిపోయాయి.

ఊరుకోలేక నేనే రాసుకుంటున్నాను. ఊళ్లో పెళ్లిళ్లయ్యాక ఇంటింటికీ వెళ్లి శుభలేఖలు అడిగి తెచ్చుకుంటాను. ఒకవైపు ముహూర్తం, రెండోవైపు నా చేతిరాతలో కూడికలు. మూలల్లో పసుపు ఇంకా అంటుకునే ఉంటుంది. వానాకాలంలో చెమ్మకు సిరా అలుక్కుపోతే మళ్లీ రాస్తాను. ఆ శ్రమ గురించి కాదు నా ఫిర్యాదు.

మొన్న రెండో తరగతి పాప ముందు పద్నాలుగు చింతపిక్కలు, ఎనిమిది చింతపిక్కలు పోసి, కలిపితే ఎన్నని అడిగాను. ఆ పాప ఒకటి నుంచి లెక్కపెట్టలేదు. పద్నాలుగులోంచి పది పక్కకు తీసింది. మిగిలిన నాలుగుకు ఎనిమిదిలోంచి ఆరు జరిపి ఇంకో పది చేసింది. రెండు మిగిలాయి. "రెండు పదులు, రెండు. ఇరవై రెండు టీచర్!" అంది. అలా చెయ్యమని నేను నేర్పలేదు. తనే కనిపెట్టింది. మనం కోరుకున్న చదువు ఇదే కదా సార్!

ఆ మధ్యాహ్నమే తనిఖీకి వచ్చిన అధికారి అదే లెక్క ఒడియాలో అడిగారు. పాప తల వంచుకుని గౌను అంచు నలుపుతూ నిలబడింది. తెలుగులో ఇరవై రెండు అన్నప్పుడు ఇరవై, రెండు విడివిడిగా వినిపిస్తాయి. ఒడియాలో 'బాఇశ' ఒక్కటే మాట. అందులో ఇరవై ఎక్కడుందో ఏడేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది? "కూడికలు రావు" అని రాసుకుని వెళ్లిపోయారు. చింతపిక్కలు ఇంకా నేల మీదే ఉన్నాయి. వాటిని చూడండని నేను బతిమాలాను.

ఒడియా వద్దని నేను అనడం లేదు. మా పిల్లలకు ఒడియా బాగా రావాలి, ఆ భాషతోనే వాళ్లకు రేపు బతుకుతెరువు. అయితే 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ ఒక్కసారి తెప్పించుకుని చూడండి. కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్పాలన్న మాట పక్కనే, వీలైనంతవరకు మాతృభాషలో నేర్పాలన్న మాట కూడా ఉంది. మొదటిదానికి శిక్షణలు పెట్టారు. రెండోదాన్ని మాకే వదిలేశారు. నోరు విప్పలేని పిల్లలతో బృంద చర్చ ఎలా చేయించమంటారు?

మా జిల్లాలోని పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు నూరేళ్లకు పూర్వం తానే సవర నేర్చుకుని, సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పించారు. ఒక్క మనిషి చేయగలిగిన పని ఒక ప్రభుత్వం చేయలేదా?

దయచేసి తెలుగు కార్డులు పంపండి, సవర కార్డులు కూడా. అచ్చు ఆలస్యమైతే నమూనాలు పంపండి, మేమే రాసుకుంటాం. తనిఖీకి వచ్చేవారిని పిల్లల భాషలో అడగమనండి, లేదా పక్కన నన్ను నిలబడి చెప్పనివ్వండి. ఒక్క పూట మీరే మా బడికి రండి సార్. ఆ పాప చేత మళ్లీ చేయిస్తాను.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు