పనిచేస్తున్న నంబరును ‘ఉపయోగంలో లేదు’ అని చెప్పినందుకు ఫిర్యాదు

నల్లగొండ,
2024 అక్టోబరు 21.

గౌరవనీయులైన అప్పీలు అధికారి గారికి,
మొబైల్ సేవల సంస్థ సర్కిల్ కార్యాలయం,
హైదరాబాద్.

విషయం: అక్టోబరు 10వ తేదీ ఉదయం మేము అమెరికాకు చేసిన కాల్స్‌ను మీ నెట్‌వర్క్‌లోనే ఆపివేసి, అవతలి నంబరు ఉపయోగంలో లేదని తప్పుడు ప్రకటన వినిపించడం, ఆపైన నా ఫిర్యాదును విచారించకుండానే మూసివేయడం గురించి.

అయ్యా,

నేను సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. నల్లగొండలోని రామగిరిలో ఉంటున్నాను. పదకొండేళ్లుగా మీ సంస్థ ప్రీపెయిడ్ సిమ్ వాడుతున్నాను. ఇంతకాలంలో సిగ్నల్ సరిగా లేదని ఒకటి రెండుసార్లు విసుక్కున్నానే గాని, మీకు ఉత్తరం రాయవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. 198 నంబరుకు నేను చేసిన ఫిర్యాదును మీ సిబ్బంది ‘పరిష్కరించబడింది’ అని రాసి మూసివేశారు కాబట్టి, నియమాల ప్రకారం 30 రోజుల గడువులోపు మీకు అప్పీలు చేసుకుంటున్నాను. ఇందులో డబ్బు విషయం చాలా చిన్నది, దాని సంగతి చివర రాస్తాను. ఆ రోజు ఉదయం మీ యంత్రం మాకు ఒక అబద్ధం చెప్పింది, నా ఫిర్యాదంతా దాని గురించే.

మా అమ్మాయి, అల్లుడు, ఇద్దరు మనుమలు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, టాంపా నగరంలో ఉంటారు. మనం బంగాళాఖాతంలో తుపాను అని పిలిచేదాన్నే అక్కడ హరికేన్ అంటారు. సెప్టెంబరు 26న హెలీన్ అనే హరికేన్ ఆ రాష్ట్రాన్ని తాకి రెండు వారాలైనా కాకముందే, మిల్టన్ అనే మరొకటి మెక్సికో సింధుశాఖలో పుట్టి, అక్టోబరు 7 నాటికి గంటకు సుమారు 290 కిలోమీటర్ల వేగపు గాలులతో అన్నిటికంటే తీవ్రమైన అయిదో కేటగిరీకి చేరుకుంది. అది టాంపా అఖాతం మీదికే వస్తుందన్న అంచనాలు వెలువడడంతో, లోతట్టున ఉన్న ఎ, బి మండలాల వాళ్లు ఇళ్లు ఖాళీ చేయాలని అక్కడి అధికారులు ఉత్తర్వులు ఇచ్చారు. మా వాళ్ల అపార్ట్‌మెంటు బి మండలంలో ఉంది. రోడ్లన్నీ కార్లతో నిండిపోయి, బంకుల్లో పెట్రోలు దొరకక, ఇద్దరు చిన్నపిల్లలతో దూరాభారం పోలేక, వాళ్లు నగరానికి తూర్పున కొంచెం ఎత్తు ప్రదేశంలో ఉన్న ఒక సూర్యాపేట కుటుంబం ఇంటికి చేరుకున్నారు.

అక్టోబరు 9వ తేదీ రాత్రి పదిన్నరకు, అంటే అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు, మా అమ్మాయి వాట్సాప్‌లో మాట్లాడింది. కరెంటు పోతే ఇంట్లో ఇంటర్నెట్ పోతుందని, అప్పుడు వాట్సాప్ పనిచేయకపోవచ్చని, ఫోన్‌ను కారులో చార్జింగ్ పెట్టుకుంటూ ఉంటానని, మామూలు కాల్ చేయమని చెప్పింది. ఈ సంగతి మాకు ముందే తోచి, ఆ సాయంత్రమే గడియారం స్తంభం దగ్గర మీ సంస్థ బోర్డు పెట్టుకున్న దుకాణంలో 396 రూపాయలు ఇచ్చి ఐఎస్‌డీ ప్యాక్ వేయించుకున్నాను. ప్యాక్ యాక్టివేట్ అయిందని, ఏడు రోజుల వరకు చెల్లుతుందని 6 గంటల 44 నిమిషాలకు మీ నుంచి మెసేజ్ వచ్చింది. నా సిమ్ మీద విదేశీ కాల్స్ సౌకర్యం అసలు తెరిచి లేదన్న మాట దుకాణంలో గాని, ఆ మెసేజ్‌లో గాని ఎక్కడా లేదు.

మిల్టన్ తీరం దాటింది టాంపాకు దక్షిణాన, సరసోటా సమీపంలోని సియెస్టా కీ అనే చోట. అక్కడ 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర, ఇక్కడ 10వ తేదీ తెల్లవారి ఆరు గంటలు. ఆ రోజు సద్దుల బతుకమ్మ. ముందు రోజు తెచ్చిన తంగేడు పూలు తడిబట్ట కింద ఉన్నాయి. గునుగు పూలకు రంగులద్దిన నా భార్య చేతులు మణికట్టు దాకా గులాబీ రంగులోనే ఉన్నాయి. తాంబాళంలో రెండు వరుసలు పేర్చి, మూడో వరుస మొదలుపెట్టక ముందు, ‘ఒక్కసారి బిడ్డకు ఫోన్ కలపండి’ అన్నది. 6 గంటల 20 నిమిషాలకు కలిపాను. సున్నా సున్నా ఒకటి, ఆ తర్వాత టాంపా కోడు 813, ఆ తర్వాత ఏడంకెలు. ఒక్క రింగు కూడా పోలేదు. స్పష్టమైన తెలుగులో, మర్యాద నిండిన ఆడగొంతుతో మీ ప్రకటన వినిపించింది: ‘మీరు డయల్ చేసిన నంబరు ఉపయోగంలో లేదు. దయచేసి నంబరును సరిచూసుకోండి.’

సరిచూసుకున్నాను. గ్యాసు పుస్తకం వెనక అట్ట మీద మా అమ్మాయి తన చేతితో రాసిపెట్టిన నంబరుతో ఒక్కొక్క అంకె పోల్చి చూసుకుని మళ్లీ చేశాను. సున్నాలకు బదులు ప్లస్ గుర్తు పెట్టి చేశాను. ఫోన్ ఆపి, తిరిగి తెరిచి చేశాను. తొమ్మిది గంటల పది నిమిషాల దాకా పదిహేడు సార్లు చేశానని నా ఫోన్‌లోని జాబితా చెబుతున్నది. పదిహేడు సార్లూ అదే మాట. వాట్సాప్‌లో నేను పంపిన సందేశం పక్కన ఒక్క గీతే నిలిచిపోయింది. టీవీలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ట్రాపికానా ఫీల్డ్ స్టేడియం కప్పు పీలికలై గాలికి కొట్టుకుంటున్న దృశ్యాన్నే తిప్పి తిప్పి చూపిస్తున్నారు. టాంపా ఆ ఊరికి అఖాతం అవతలి ఒడ్డునే ఉంటుందని పిల్లలకు మ్యాపులు గీయించిన నాకు తెలియకపోలేదు. నా భార్య ఫోన్ లాక్కొని తాను కూడా విని, ‘నిన్న రాత్రి మాట్లాడిన నంబరు ఇయ్యాల లేదంటున్నరేంది?’ అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ గులాబీ రంగు ఫోన్ అంచులకు అంటుకుని ఇంకా పూర్తిగా పోలేదు.

‘అందుబాటులో లేదు’ అని చెప్పి ఉంటే మేము కరెంటు పోయిందనుకునేవాళ్లం. ‘లైన్లు ఖాళీ లేవు’ అంటే అక్కడ అందరూ ఒకేసారి ఫోన్లు చేసుకుంటున్నారనుకునేవాళ్లం. ‘మీ నంబరుకు విదేశీ కాల్స్ సౌకర్యం లేదు’ అని నిజం చెప్పి ఉంటే, పక్కింటికి పోయి రెండు నిమిషాల్లో మాట్లాడి వచ్చేవాళ్లం. ఉన్న నంబరును లేదని చెప్పడం వల్ల మాకు మిగిలింది ఒకే ఊహ. ఆ ఊహను ఇక్కడ రాయడానికి నాకు చేయి రావడం లేదు.

మీ కస్టమర్ కేర్ సంగతి పొడిగించను. భాష ఎంచుకోమని, కొత్త ప్లాన్ల ప్రకటన వినమని, పాట వినమని ఇరవై రెండు నిమిషాలు గడిచాక మొదట మాట్లాడిన ఉద్యోగి, నా ప్యాక్ సక్రమంగానే ఉందని, ‘ఆ వైపు తుపాను కదా సార్, అక్కడి నెట్‌వర్క్ పోయి ఉంటుంది’ అని చెప్పాడు. అతడు దురుద్దేశంతో చెప్పాడని నేను అనను. తెర మీద కనిపించింది చదివి, మిగిలింది ఊహించి చెప్పాడు. అయితే ఊహించి చెబుతున్నానన్న మాట మాత్రం చెప్పలేదు. తొమ్మిదీ నలభై అయిదుకు మాట్లాడిన రెండో ఉద్యోగిని నా వివరాలు తెరిచి చూసి, నా నంబరుకు ఐఎస్‌డీ తెరిచి లేదని, అభ్యర్థన పెడితే 24 గంటల్లో తెరుస్తారని చెప్పింది. అసలు కారణం చెప్పిన మనిషి మీ సంస్థలో ఆమె ఒక్కతే. అందుకు ఆమెకు నా కృతజ్ఞతలు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇంజనీరింగ్ చదువుతున్న ఎదురింటి పిల్లవాడి దగ్గర వేరే సంస్థ సిమ్ ఉంది. 11 గంటల 5 నిమిషాలకు అతడి ఫోన్ నుంచి అదే నంబరుకు చేస్తే రెండో రింగుకే మా అమ్మాయి ఎత్తింది. అక్కడ అర్ధరాత్రి దాటి ఒకటీ ముప్పై అయిదు. కరెంటు లేదని, పిల్లలు నిద్రపోయారని, గాలి కొంచెం తగ్గిందని చెప్పి, ‘పొద్దటి నుంచి ఫోన్ ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్న నాన్నా, మీరెందుకు చెయ్యలే?’ అని అడిగింది. ఆమె ఫోన్‌లో నా నంబరు నుంచి ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. నా పదిహేడు కాల్స్ అమెరికా దాకా పోయి తిరిగి రాలేదు, మీ ఎక్స్ఛేంజి గడపే దాటలేదు. ఆ రాత్రి ఫ్లోరిడాలో 30 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయిందని తర్వాత వార్తల్లో చదివాను. అంత విపత్తులోనూ అక్కడి టవరు మా అమ్మాయి ఫోన్‌కు సిగ్నల్ అందించింది. ఎండ కాస్తున్న నల్లగొండ నుంచే కాల్ బయటికి పోలేదు. తుపాను కేంద్రం టాంపాకు దక్షిణం నుంచి దాటడం వల్ల గాలులు అఖాతంలోని నీళ్లను ఊరి మీదికి తేకుండా సముద్రం వైపు నెట్టాయని, భయపడినంత ఉప్పెన రాలేదని కూడా తర్వాతే తెలిసింది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పక తప్పదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు మా మేనమామ అవనిగడ్డలో ఉద్యోగం చేస్తుండేవాడు. నేను మా నాన్నగారి వెంట మిర్యాలగూడ పోస్టాఫీసుకు పోయి ట్రంకు కాల్ బుక్ చేయించాను. కౌంటరులో ఉన్నాయన హెడ్‌ఫోన్ తీసి, ‘లైన్లు తెగిపోయినయి సార్, ఎప్పుడు కలుస్తదో నేను చెప్పలేను, పైసలు కట్టకండి’ అన్నాడు. మామయ్య క్షేమమని ఉత్తరం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులు మేము భయపడ్డాం గాని, తెగింది లైన్లేనని మాకు తెలుసు. కలవని చోట కలవదని చెప్పి, డబ్బు తీసుకోకుండా పంపించాడు ఆ ఉద్యోగి. మీరు డబ్బు ముందే తీసుకున్నారు, కలవనిది మీ దగ్గరైతే తప్పును మా అమ్మాయి నంబరు మీద పెట్టారు.

ఏ కారణంతో కాల్ ఆగితే ఏ ప్రకటన వినిపించాలో మీ ఎక్స్ఛేంజిలో ముందే అమర్చి ఉంటుందని ఎదురింటి పిల్లవాడు నాకు వివరించాడు. అలాగైతే ఇది ఒక్క నాకు జరిగిన పొరపాటు కాదు, ఐఎస్‌డీ తెరవని మీ వినియోగదారుల్లో ఎవరు విదేశానికి ఫోన్ చేసినా ఇదే మాట వినిపిస్తూ ఉండాలి. మా ఉమ్మడి జిల్లాలో ఏ ఊరికి పోయినా అమెరికాలోనో గల్ఫ్‌లోనో పిల్లలున్న ఇళ్లు కనిపిస్తాయి. వాళ్ల తల్లిదండ్రుల్లో చాలామంది నాలాగ పదిహేడు సార్లు చేసి, ఆపైన కస్టమర్ కేర్‌తో వాదించే ఓపిక ఉన్నవాళ్లు కారు.

10వ తేదీ మధ్యాహ్నం 198కి ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు తీసుకున్నాను. దసరా రోజున, అంటే 12వ తేదీన, ‘మీ ఐఎస్‌డీ సౌకర్యం యాక్టివేట్ చేయబడింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. ఐఎస్‌డీ తెరవమన్నది నా అభ్యర్థన. తప్పుడు ప్రకటన ఎందుకు వినిపించారన్నది నా ఫిర్యాదు. మొదటిది చేసి రెండోది కూడా అయిపోయిందని రాసుకున్నారు.

కాబట్టి మీరు విచారించి, నా నంబరు నుంచి ఆ ఉదయం పోయిన పదిహేడు కాల్స్ ఎక్కడ, ఏ కారణంతో ఆగాయో మీ రికార్డులు చూసి నాకు లిఖితపూర్వకంగా, తెలుగులో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. సౌకర్యం తెరిచి లేని నంబరు నుంచి విదేశానికి కాల్ చేస్తే ఆ మాటే చెప్పేటట్టు ప్రకటనను మార్చాలి. ఎప్పటిలోగా మారుస్తారో తేదీతో సహా చెప్పాలి. ఐఎస్‌డీ తెరవని సిమ్‌కు ఐఎస్‌డీ ప్యాక్ అమ్మే ముందు ఆ సంగతి దుకాణదారుడికి, కొనేవాడికి కనిపించేటట్టు ఏర్పాటు చేయడం మీకు పెద్ద పని కాదని నా అభిప్రాయం. డబ్బు విషయానికి వస్తే, 11వ తేదీ సాయంత్రం ఆ ప్యాక్‌తోనే మా అమ్మాయితో నాలుగు నిమిషాలు మాట్లాడాను కాబట్టి మొత్తం తిరిగి ఇవ్వమని అడగడం న్యాయం కాదు. ఆ నాలుగు నిమిషాల ఖరీదు మినహాయించుకుని మిగతాది ఇస్తే చాలు.

అప్పీలును 39 రోజుల్లో తేల్చాలన్న నియమం మీకు తెలిసినదే. ఆలోగా సమాధానం రాకపోతే ఇవే కాగితాలతో నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. సిమ్ మాత్రం ప్రస్తుతానికి మార్చడం లేదు. మా అమ్మాయి పిల్లల బడిలోను, దవాఖానలోను, అవసరానికి పిలవవలసిన ఇంటి నంబరుగా దీన్నే రాయించింది. అక్కడ అన్నిచోట్లా మార్పించేదాకా ఇది మోగుతూ ఉండాలి.

రీచార్జి రశీదు, మీ మెసేజ్‌లు, ఆ రోజు నా ఫోన్‌లోని కాల్స్ జాబితా, మా అమ్మాయి పంపిన ఆమె ఫోన్ జాబితా ప్రతులను జతపరుస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
రామగిరి, నల్లగొండ.