పాట కొన్నామా, అద్దెకు తెచ్చుకున్నామా?

సంపాదకుడు గారికి,

నెలనెలా చందా కట్టి పాటలు వినే పద్ధతి మీద నాకో పేచీ ఉంది. మొన్న కాజీపేటలో రైలెక్కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఫోన్‌లో దించుకున్న పాటలన్నీ మూగబోయాయి, ఎందుకంటే చందా గడువు ముందురోజే అయిపోయిందట, అంటే ఏడాది పొడవునా కట్టినా నా చేతిలో మిగిలింది ఒక్క పాట కూడా లేదు! 2003లో యాపిల్ ఐట్యూన్స్ స్టోర్ తెరిచినప్పుడు అమెరికాలో పాట 99 సెంట్లు. దానికీ డిజిటల్ తాళం వేసేవాళ్లు, 2009లో తీసేశారు, ఇక కొన్న పాట ఎక్కడైనా మోగేది. మనకూ అదే కావాలి. 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్లు) ఎంపీ3లో ఐదు నిమిషాల పాట 12 ఎంబీ, పది రూపాయలకు అమ్మండి, కొంటాను. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఐదు వేల పాటలు పడతాయి.

కంప్యూటర్‌దీ ఇదే కథ. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగింది, నా పాత ల్యాప్‌టాప్‌కు 11 ఎక్కదు. కొత్తది కొనమని షాపాయన ఒకటే పోరు. విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను, పైసా ఖర్చు లేదు, తెలుగు టైపింగ్ కూడా బాగానే ఉంది (ఈ లేఖ అందులోనే కొట్టాను). ప్రింటర్ మాత్రం రెండు రోజులు సతాయించింది.

– ఒక పాఠకుడు, హన్మకొండ