రాక్షసి వేషం నుంచి సీతమ్మ దాకా

అందరికీ నమస్కారం. నిన్న సావిత్రి గారి గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం కదా, ఇవాళ అంజలీదేవి గారి వంతు.

పెద్దాపురం అమ్మాయి. చిన్నతనంలోనే నాటకాల్లోకి వచ్చి కాకినాడలో పేరు తెచ్చుకున్నారు. అక్కడ నాటకాలు వేయించి, పాటలు కట్టి, ఆమెను తీర్చిదిద్దిన ఆదినారాయణరావు గారే తర్వాత భర్త అయ్యారు. దర్శకుడు సి.పుల్లయ్య కంట పడ్డాక 1947లో 'గొల్లభామ'లో మోహిని వేషం దొరికింది.

ఇక్కడే నాకు భలే ముచ్చటేస్తుంది. 1949 నాటి 'కీలుగుర్రం' చూడండి, అందులో ఆవిడ రాక్షసి! అలాంటి ఆవిడను 1963లో 'లవకుశ' వచ్చాక జనం సీతమ్మగానే చూశారు. ఒక ముద్ర పడితే అందులోనే ఉండిపోయే రంగంలో ఇది మామూలు సంగతి కాదు. 'లవకుశ' మొదలుపెట్టింది కూడా ఆ పుల్లయ్య గారే. డబ్బు ఇబ్బందులతో మధ్యలో ఆగిపోతే వాళ్లబ్బాయి సి.ఎస్.రావు పూర్తి చేశారు.

నటనతో ఊరుకోలేదు. భార్యాభర్తలిద్దరూ అంజలీ పిక్చర్స్ పెట్టి 'అనార్కలి', 'సువర్ణ సుందరి', 'భక్త తుకారాం' తీశారు. 'సువర్ణ సుందరి' హిందీలోనూ తీశారు, దాని సంగీతం ఆదినారాయణరావు గారిదే. 'హాయి హాయిగా ఆమని సాగే' గుర్తుంది కదా, అందులోదే.

2014 జనవరిలో చెన్నైలో కన్నుమూశారు.

'కీలుగుర్రం' మంచి ప్రింటు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. నా దగ్గరున్న దాంట్లో మాట సరిగా వినబడట్లేదు.