పేపరు మీద పేరంటే హామీ సంతకమే

విశాఖపట్నం,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ డాక్టరూ,

పాడేరు బస్సులో పంపిన కవరు శుక్రవారం కాంప్లెక్స్‌లో తీసుకున్నాను. సికిల్ సెల్ రక్తజబ్బు మీద జర్నల్‌కి నువ్వు రాసిన పేపరు రెండుసార్లు చదివాను. ఏజెన్సీ గూడేల నుంచి వచ్చిన పిల్లల రక్తపరీక్షలన్నీ ఇంత ఓపిగ్గా పోగేసి పట్టికలు కట్టడం చిన్న పని కాదురా. ఆ జబ్బు గురించి మన కొండల్లోంచి రాసేవాళ్లు ఎక్కువమంది ఉండాలి. అందుకే ఇది పైపైన చూసి పంపెయ్యడానికి మనసొప్పలేదు.

ఇంగ్లీషు దిద్దితే చాలు, ఈ వారమే సబ్మిట్ చేసేస్తానన్నావు. ఇంగ్లీషు ఒక పూట పని. దానికంటే ముందు సర్దుకోవలసినవి వేరే ఉన్నాయి. ఫోన్లో చెబితే ఓపీ గొడవలో సగం మర్చిపోతావు, అందుకే ఉత్తరం.

మొదట పేర్ల సంగతి. ఎనిమిది మంది పేర్లున్నాయి. అందులో ఎంతమంది ఈ పేపరు మొత్తం చదివారు? ఐసీఎంజేఈ అని మెడికల్ జర్నళ్ల ఎడిటర్ల సంఘం ఉంది కదా, 1978లో కెనడాలోని వాంకూవర్‌లో మొదలైంది. రచయిత అనిపించుకోవాలంటే వాళ్లు నాలుగు అడుగుతారు. అధ్యయనాన్ని ఆలోచించడంలోనో, డేటా సేకరించడంలోనో, దాన్ని విశ్లేషించడంలోనో గట్టి పాలు ఉండాలి. పేపరు రాయాలి, లేదా విషయం మీద పట్టుతో దిద్దాలి. అచ్చుకి వెళ్లే చివరి ప్రతిని ఒప్పుకోవాలి. రేపు ఎవరైనా ఏ భాగం మీద ప్రశ్న వేసినా అది తేలేవరకూ బాధ్యత పడాలి. నాలుగులో మూడు ఉంటే సరిపోదు, నాలుగూ కావాలి. చివరిది 2013లో చేర్చారు. పేరు కావాలి గానీ తప్పు దొరికితే నాకు తెలీదు అనేవాళ్లు పెరిగాకే అది అవసరమైంది.

బ్యాంకు అప్పుకి హామీ సంతకం అడిగితే మన పెద్దవాళ్లు ఎంత ఆలోచిస్తారో చూశావుగా. అప్పు ఎవడిది, ఎందుకు, తీరుస్తాడా అని నాలుగు వైపులా కనుక్కుంటారు. పేపరు మీద పేరు కూడా అలాంటి సంతకమే. 2020 మే 22న లాన్సెట్ అనే మెడికల్ జర్నల్లో, కోవిడ్‌కి వాడిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు మీద వచ్చిన పేపరు గుర్తుందా? 671 ఆసుపత్రులు, 96,032 మంది రోగులు, ఆ మందుతో చావులు పెరిగాయి అని రాశారు. అది చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందు భాగాన్ని కొన్నాళ్లు ఆపేసింది. తీరా అసలు డేటా చూపించమంటే, దాన్ని పోగేశానన్న కంపెనీ పరిశీలకులకి ఇవ్వలేదు. నలుగురు రచయితల్లో ముగ్గురు, ఈ డేటాకి మేము పూచీ పడలేం అని చెప్పి జూన్ 4న పేపరు వెనక్కి తీసుకున్నారు. పదమూడు రోజుల్లో అంతా అయిపోయింది. అడగవలసిన ప్రశ్న సంతకానికి ముందు అడిగి ఉంటే ఆ పేపరు బయటికే వచ్చేది కాదు.

కాబట్టి నీ జాబితా చూద్దాం. మీ డిపార్ట్‌మెంటు పెద్ద, హెచ్‌ఓడీ గారి పేరు చివర పెట్టావు. ఆయన డిపార్ట్‌మెంటు నడపడం, అనుమతి కాగితం మీద సంతకం చెయ్యడం రచయితకి చాలవు. ప్రోటోకాల్ దిద్దారా, డ్రాఫ్టు మీద రాశారా? అయితే ఉంచు. లేదంటే కృతజ్ఞతల్లో పెట్టు. ఆయనతో ఈ మాట చెప్పడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు. ఫలానా జర్నల్ ఎవరెవరు ఏం చేశారో విడివిడిగా రాయమంటోంది సార్, మీ పేరు ఎదురుగా ఏం రాయమంటారు అని అడుగు. దురుసుతనం లేకుండా విషయం తేలుతుంది. చాలా జర్నళ్లు నిజంగానే అలా అడుగుతున్నాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. రక్తంలో హీమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రం దగ్గర కూర్చుని ప్రతి శాంపిలూ నడిపిన టెక్నీషియన్ పేరు నీ పేపర్లో ఎక్కడా లేదు. చెప్పిన పరీక్ష చేసి రిపోర్టు ఇచ్చాడంతే అయితే కృతజ్ఞతలు చాలు, అదీ అతని అనుమతి రాతలో తీసుకుని. కానీ అనుమానం వచ్చిన గ్రాఫుల్ని తిరగదోడి, ఇది సికిల్ సెల్‌తో తలసీమియా కలిసిన సికిల్ బీటా తలసీమియా కావచ్చని చెప్పింది అతనే అని నాకు నువ్వే రాశావు. అది విశ్లేషణ. అలాంటివాడికి డ్రాఫ్టు చదివి దిద్దే అవకాశం ఇవ్వాలి. డ్రాఫ్టు చూపించకుండా, అతను రాయలేదు కాబట్టి రచయిత కాడు అనడం ఆ నియమాన్ని తిరగేసి వాడటమే. నీ పీజీ విద్యార్థి విషయమూ అంతే. థీసిస్ అతనిది, ఊరూరా తిరిగింది అతను. మొదటి పేరు అతనిదే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఇవన్నీ సబ్మిట్ చెయ్యకముందే తేల్చు. ఆ తరవాత ఒక పేరు కలిపినా తీసినా జర్నల్ కారణం అడుగుతుంది. తీసేసిన మనిషితో సహా అందరి సంతకాలూ కావాలంటుంది. ఒక్కరు మొండికేస్తే పేపరు నెలల తరబడి ఆగిపోతుంది. వచ్చే అధ్యయనానికి మొదటిరోజే ఒక పేజీ రాసుకోండి, ఎవరు ఏం చేస్తారు, పేర్ల వరస ఏమిటి, పని మారితే వరస ఎలా మారుతుంది అని.

ఇక ఎథిక్స్ కమిటీ. నీ పేపర్లో ‘అనుమతి తీసుకున్నాం’ అని ఒక్క వాక్యం ఉంది. కమిటీ పూర్తి పేరు, అనుమతి నంబరు, తేదీ రాయాలి. ఆ తేదీ మొదటి శాంపిల్ తీసిన రోజుకంటే ముందుండాలి. ఎడిటర్ మొదట చూసేది ఆ రెండు తేదీలనే. పాత కేసుషీట్లే కదా అనుమతి ఎందుకు అనుకుంటారు చాలామంది. మినహాయింపు ఉంటే ఉండొచ్చు, కానీ అది ఇవ్వాల్సింది కమిటీ. మనకి మనం ఇచ్చుకునేది కాదు. పని అయిపోయాక వెనక తేదీతో అనుమతి అడగడమనే మాటే పెట్టుకోకు.

తరవాత ఈ జబ్బుకి వాడే హైడ్రాక్సీయూరియా మందు రెండు మోతాదుల్ని పోల్చి చూస్తానన్నావు కదా. అది ట్రయల్, దానికి మన దేశంలో ట్రయళ్లు నమోదు చేసే సీటీఆర్‌ఐలో రిజిస్ట్రేషన్ కావాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి వాళ్లు మొదటి రోగిని చేర్చుకోకముందే రిజిస్టర్ చేసినవాటినే తీసుకుంటున్నారు. ఒక్క రోగిని చేర్చుకున్నాక గుర్తొచ్చినా ఆలస్యమే. అక్కడ ప్రధాన ఫలితం అని ఏది రాస్తావో పేపర్లోనూ అదే ఉండాలి. నొప్పి దాడుల సంఖ్య అని రిజిస్టర్ చేసి, అందులో తేడా కనిపించలేదని హీమోగ్లోబిన్‌ని ముందుకి తెస్తే రివ్యూయర్ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాడు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. మూడో బొమ్మలో కాలి పుండున్న అమ్మాయి ఫోటోలో కళ్ల మీద నల్ల పట్టీ వేశావు. అది చాలదురా. కళ్లు కప్పితే మనిషి గుర్తుపట్టకుండా పోదని ఐసీఎంజేఈ కూడా స్పష్టంగా చెబుతోంది. పుండు చూపించడానికి మొహం ఎందుకు? కాలు వరకే ఉంచు. అదీ పవర్‌పాయింట్‌లో కత్తిరించి వదిలెయ్యకు, కత్తిరించిన ముక్క ఫైల్లోనే దాక్కుని ఉంటుంది, ఎవరైనా మళ్లీ లాగి చూడొచ్చు. విడిగా బొమ్మగా దాచి అది పెట్టు. ఎక్స్‌రే మూల ఓపీ నంబరు, పేరు మొదటి అక్షరాలు ఉన్నాయి, అవీ తుడిచెయ్యి. ఎక్సెల్ షీట్లో దాచిన కాలమ్‌లు కూడా చూడు, దాచడమంటే తీసెయ్యడం కాదు.

పట్టికలో గూడెం పేరు, వయసు, తెగ మూడూ ఒకే వరసలో ఉన్నాయి. నలభై ఇళ్ల గూడెంలో పద్నాలుగేళ్ల అమ్మాయి, కాలి పుండు అంటే ఇంకెవరో చెప్పాలా? ఇంటింటికీ తెలిసిపోతుంది. ఆ పిల్ల పెళ్లి మాటల దగ్గర అది ఏ రూపంలో బయటికొస్తుందో నీకు నాకంటే బాగా తెలుసు. మండలం పేరుతో సరిపెట్టు, వయసుని 10 నుంచి 14 అని గుంపుగా చెప్పు. వంశవృక్షం బొమ్మ పాఠానికి అవసరం లేకపోతే తీసెయ్యి. ఒకటి మాత్రం చెయ్యకు, గుర్తుపట్టకూడదని వయసు మార్చడం, ఆడపిల్లని మగపిల్లాడని రాయడం. వివరం వదిలెయ్యొచ్చు, అబద్ధం రాయకూడదు.

సమ్మతి పత్రం సంగతీ ఉంది. నువ్వు తీసుకున్నది పరీక్షకి సమ్మతి. ఫోటో, కేసు వివరాలు అచ్చు వెయ్యడానికి వేరే పత్రం కావాలి. అచ్చైతే ఇంటర్నెట్లో అందరూ చూస్తారని, తరవాత వెనక్కి తీసుకోవడం కుదరదని, ఒప్పుకోకపోయినా వైద్యం ఆగదని అందులో ఉండాలి. తెలుగులో ఉంటే సరిపోతుందనుకోకు. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లకి ఆ భాషలో చదివి చెప్పించు. వేలిముద్ర అయితే, నీ స్టాఫ్ కాని సాక్షి పక్కన సంతకం చెయ్యాలి. పిల్లలకి అమ్మానాన్నల సమ్మతితో పాటు, ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటితే పిల్లల నోటి అంగీకారం, పన్నెండు దాటితే రాతలో అంగీకారం కావాలి. పత్రాలు ఆసుపత్రిలోనే బీరువాలో ఉంచు. పేపర్లో తీసుకున్నామని రాస్తే చాలు.

లెక్కల్లో ఒకటి పట్టుకున్నాను. సారాంశంలో 223 మంది, రెండో పట్టికలో 212. ఆ పదకొండు మంది ఏమయ్యారు? ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లు అనుకుంటాను, దాత రక్తం కలిస్తే హెచ్‌పీఎల్‌సీ ఫలితం నమ్మలేం కాబట్టి తీసేసి ఉంటావు. మంచి కారణమే. కానీ అది పేపర్లో లేదు. ఎంతమందిని, ఎందుకు తీశావో, ఆ నిర్ణయం ఫలితం చూడకముందు చేసిందో తరవాత చేసిందో రాయి. చెప్పకుండా తీసిన పదకొండు చూసేవాడికి దాచిన పదకొండులా కనబడుతుంది. ఇలాంటి అధ్యయనాల పేపర్లో ఏమేం ఉండాలో చెప్పే స్ట్రోబ్ చెక్‌లిస్టు పక్కన పెట్టుకుని ఒక్కో అంశం టిక్కు పెడితే ఇలాంటివి దొరికిపోతాయి.

కాపీ శాతం గురించి కంగారు పడ్డావు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు చిన్న పోలికగా వదిలేస్తారు, నిజమే. కానీ ఆ అంకె కోసం మాటలు మార్చే సాఫ్ట్‌వేర్ వాడకు. అలాంటి వాటి చేతిలో పడి రొమ్ము కేన్సర్ కాస్తా ఇంగ్లీషులో ‘బుజమ్ పెరిల్’, అంటే రొమ్ము ప్రమాదం, అయిన పేపర్లు నిజంగా అచ్చయ్యాయి. నీ చర్చ భాగంలో రెండో పేరా ఎవరిదో పేరా. మూసి పక్కన పెట్టి, అర్థమైంది నీ మాటల్లో రాసి, ఆ పేపర్ని ఉదహరించు. చాట్‌జీపీటీ లాంటివి వాడితే ఎక్కడ, దేనికి వాడావో రాయాలి. దాన్ని రచయితగా పెట్టడానికి వీల్లేదు. రోగుల వివరాలు దాన్లో ఎక్కించనే ఎక్కించకు. అది ఇచ్చిన రిఫరెన్సులు ఒక్కొక్కటీ పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల సైట్లో తెరిచి చూడు, లేని పేపర్లని ఉన్నట్టు చెబుతుంది. ఉన్నవాటిలో కూడా వెనక్కి తీసుకున్నవి ఉండొచ్చు. రిఫరెన్సులు దాచుకునే జొటెరో సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటే వాటి మీద ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది.

ఒకేసారి రెండు జర్నళ్లకి పంపకు. మొదటిది ఆలస్యం చేస్తే ఉపసంహరణ మెయిల్ రాసి, సరేనన్న జవాబు వచ్చాకే రెండోదానికి. ఈ డేటానే ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ పరీక్ష) ఒక పేపరు, హెచ్‌పీఎల్‌సీ ఒక పేపరు అని ముక్కలు చెయ్యకు. గుంటూరు కాన్ఫరెన్సులో చదివిన సారాంశం అడ్డు కాదు, కవరింగ్ లెటర్లో చెప్పు. కిట్లు ఉచితంగా ఇచ్చిన కంపెనీ పేరు కూడా రాయాలి. ఎవరి దగ్గర ఏం తీసుకున్నామో చెప్పే ఐసీఎంజేఈ ఫారం గత 36 నెలలు అడుగుతుంది, కాన్ఫరెన్సు ప్రయాణ ఖర్చులతో సహా.

వాట్సాప్‌లో వచ్చిన ఆ ‘నాలుగు రోజుల్లో యాక్సెప్టెన్స్’ జర్నల్ వద్దు. స్కోపస్ అనే జర్నళ్ల సూచీలో ఉన్నామని వాళ్ల పేజీలో ఉంటే నమ్మకు. స్కోపస్ సైట్లో జర్నల్ గుర్తింపు నంబరు ఐఎస్‌ఎస్‌ఎన్ కొట్టి చూడు, మధ్యలో తీసేసినవి కూడా పాత ముద్ర వేసుకుని తిరుగుతుంటాయి. రివ్యూ కాకముందే డబ్బు అడిగితే అక్కడితో ఆగు. ఒకసారి అందులో పడితే వెనక్కి తీసుకోవడానికీ డబ్బు అడుగుతారు, ఈలోగా నీ డేటా ఇంకెక్కడా పనికిరాదు.

రివ్యూయర్ల పేర్లు సూచించమంటే మన బ్యాచ్ వాళ్లని రాయకు. పని తెలిసిన, నీతో కలిసి రాయని వాళ్లని, వాళ్ల సంస్థ మెయిల్‌తో రాయి. దొంగ మెయిళ్లతో తమకి తామే రివ్యూ రాసుకున్నారని 2015లో బయోమెడ్ సెంట్రల్ అనే ప్రచురణ సంస్థ ఒక్క విడతలో 43 పేపర్లు వెనక్కి తీసుకుంది.

అచ్చయ్యాక తప్పు కనిపిస్తే, నువ్వే ముందు ఎడిటర్‌కి రాయి. అంకె తప్పైతే సవరణ వేస్తారు, తలవంపులేం లేదు. అందుకే అసలు రిజిస్టర్లు, యంత్రం ప్రింట్లు పారెయ్యకు. కరస్పాండెన్స్‌కి బదిలీ అయితే పోయే మెయిల్ పెట్టకు, మూడేళ్ల తరవాత కూడా ఎవరో అడగొచ్చు.

కమిటీ అనుమతి ఉత్తరం కాపీ, ఆ పదకొండు మంది వివరం, మొహం లేని ఫోటో, ఎవరెవరు ఏం చేశారో ఒక కాగితం, ఈ నాలుగూ పంపు. అవి అందిన మూడు రోజుల్లో ఇంగ్లీషు దిద్ది తిరిగి బస్సుకి ఇస్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఇక్కడ ఉక్కపోత ఇంకా తగ్గలేదు, నీ కొండ చలి కాస్త కవర్లో పెట్టి పంపరా.

నీ
స్నేహితుడు