ఐరాస వికలాంగుల కమిటీ సిఫారసులు తెలుగులో ఎప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా జిల్లాలో ఒక ఆసుపత్రిలో వికలాంగుల ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపు పెడితే, మా తమ్ముడి కూతురికి తోడు వెళ్లాను. డాక్టరు గది పై అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయడం లేదు. నాది పోలియో కాలు. చంకకర్రలు కింద వదిలేసి, మెట్టు మెట్టుకీ కూర్చుంటూ చేతుల మీద 22 మెట్లు ఎక్కాను. పాపను మా తమ్ముడు ఎత్తుకున్నాడు. దానికి పదహారేళ్లు. అందరూ చూస్తుంటే నాన్న భుజం మీద వెళ్లడానికి సిగ్గేసి ముఖం చున్నీలో దాచుకుంది. పైన ఉన్న ఉద్యోగి మర్యాదగానే అన్నారు: "ముందే ఫోన్ చేసి ఉంటే ఇద్దరు మనుషుల్ని కింద ఉంచేవాళ్లం కదండీ."

ఆ మాటకు జవాబు 2014లోనే రాసి ఉంది. ఎవరో వచ్చి అడిగే దాకా ఆగకూడదు, అందరూ వాడుకునేలా ముందే కట్టి ఉంచడం ప్రభుత్వం బాధ్యత అని ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ ఆ ఏడాది తేల్చి చెప్పింది.

ఈ కమిటీలో 18 మంది నిపుణులుంటారు. ఐరాస వికలాంగుల హక్కుల ఒప్పందంలో చేరిన దేశాలే వాళ్లను ఎన్నుకుంటాయి. కానీ ఎన్నికయ్యాక ఎవరూ తమ ప్రభుత్వం తరఫున మాట్లాడకూడదు. సొంత దేశం పనితీరును పరిశీలించే వంతు వచ్చినప్పుడు ఆ సభ్యులు పక్కకు తప్పుకుంటారు. సభ్యుల్లో ఎక్కువమంది వికలాంగులే. మెట్ల సంగతి వాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ప్రభుత్వం తన నివేదిక పంపుతుంది, వికలాంగుల సంఘాలు తమ నివేదిక విడిగా పంపుతాయి. రెండూ చదివిన కమిటీ జెనీవాలో ప్రభుత్వ ప్రతినిధులను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతుంది. చివరికి ఎక్కడెక్కడ లోపముందో, ఏం చేయాలో సిఫారసులు రాసి ఇస్తుంది.

మన దేశం 2007 అక్టోబరు 1న ఈ ఒప్పందాన్ని ఆమోదించింది. మొదటి నివేదిక రెండేళ్లలో ఇవ్వాల్సింది 2015లో వెళ్లింది. 2019 సెప్టెంబరులో విచారణ జరిగింది. "న్యాయమైన లక్ష్యం" పేరు చెప్పి వివక్షకు సందు ఇస్తున్న 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 3(3) నిబంధనను తీసేయాలని కమిటీ చెప్పింది. "దివ్యాంగజన్" అనే మాటనూ తప్పుబట్టింది. మీ పత్రిక కూడా మమ్మల్ని దివ్యాంగులనే రాస్తోంది. గౌరవంతోనే రాస్తున్నారని తెలుసు. కానీ మాకు కావలసింది దివ్యత్వం కాదు, ర్యాంపు. దయచేసి ఆ మాట మానండి.

కమిటీకి జరిమానా వేసే అధికారం లేదు. ఎవరికైనా అన్యాయం జరిగితే నేరుగా కమిటీకి ఫిర్యాదు చేసుకునే అదనపు ఒప్పందం ఒకటుంది, అందులో మన దేశం చేరనే లేదు. అయినా కమిటీ రాసినది వృథా పోదు. కమిటీ చెప్పిన దారిలోనే 2024 నవంబరులో, వికలాంగులకు అందుబాటు కోసం రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు, భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలనే నియమాలను వట్టి సలహాల్లా వదిలేస్తే చట్టానికే విరుద్ధమని చెప్పి, తప్పనిసరి నియమాలు చేయడానికి కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ కేసులో దేశంలో పరిస్థితి ఎలా ఉందో పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే.

నా బాధల్లా ఒక్కటే. ఈ సిఫారసులను దేశ భాషల్లో, సంజ్ఞా భాషలో, తేలిగ్గా చదవగలిగే రూపంలో ప్రజలకు అందించండని 2019లో కమిటీయే మన ప్రభుత్వాన్ని కోరింది. మా సంఘంలో ఎవరి దగ్గరా తెలుగు ప్రతి లేదు. కలెక్టరేట్‌లో అడిగితే అలాంటిదొకటి ఉందని కూడా ఎవరికీ తెలియదు. కేంద్రం చేయకపోతే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయించవచ్చు. అనువాదానికి ఎంత ఖర్చవుతుంది? ఆడియో, బ్రెయిలీ కలిపినా ఒక క్యాంపు టెంట్ల ఖర్చు కాదు. ఆ కాగితం నా జేబులో ఉంటే ఆ రోజు ఆ ఉద్యోగికి చదివి వినిపించేవాణ్ని. నాకు జవాబు తోచక ఊరుకున్నాను.

ప్రభుత్వం చేసే లోపు మీరైనా ముఖ్యమైన సిఫారసులను తెలుగులో ఒక పేజీ వేయండి. మా సంఘం వాళ్లం జిరాక్సులు తీసి, వచ్చే సదరం క్యాంపు రోజున క్యూలో ఉన్నవాళ్లందరికీ పంచుతాం.

– మీ పాఠకుడు